ఏకలవ్యుడి బొటనవేలు: ముప్పై శాతం

ఏకలవ్యుడు ద్రోణుడికి కోసి ఇచ్చిన బొటనవేలి విలువ ఎంత?

నవ్వకండి. బీకాం చదివి, ముప్పై అయిదేళ్ళకు పైగా రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ వస్తువు కనబడినా ముందు దాని విలువ ఎంత, ఏ పద్దు కింద రాయాలి అని ఆలోచించడం నాకు అలవాటు. పైన వేసిన ప్రశ్నకు మన చట్టంలోనే ఖచ్చితమైన జవాబు ఉంది. 30 శాతం.

1923లో చేసిన కార్మిక నష్టపరిహార చట్టానికి చివర ఒక పట్టిక ఉండేది. పనిలో ఏ అవయవం పోతే మనిషి సంపాదనా శక్తిలో ఎంత శాతం పోయినట్టు లెక్కించాలో అందులో వరసగా ఉంటుంది. మొత్తం చెయ్యి మణికట్టు దగ్గర పోతే 60. నాలుగు వేళ్ళు పోతే 50. మూడు వేళ్ళు 30. రెండు వేళ్ళు 20. బొటనవేలు ఒక్కటే 30, అంటే మిగతా వాటిలో మూడు వేళ్ళతో సమానం. చూపుడువేలు 14, మధ్యవేలు 12, ఉంగరపు వేలైనా చిటికెన వేలైనా 7. వేలు మొత్తం పోకుండా ఒక కణుపో రెండు కణుపులో పోతే దానికి వేరే అంకెలు. ఎముక పోకుండా చిటికెన వేలి కొస మాత్రం తెగితే 2 శాతం.

చేతి గీతలు చూసి జాతకం చెప్పే హస్తసాముద్రికుల పుస్తకాలు మీరు చాలా చూసి ఉంటారు. చెయ్యి చూసి మనిషి భవిష్యత్తు ఎంతో నిజంగా లెక్కగట్టిన పుస్తకం నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

ఆ పట్టికను నేను మొదటిసారి చదివింది 1986లో. ఎందుకు చదవాల్సి వచ్చిందో తర్వాత చెబుతాను. ముందు కొంచెం చరిత్ర.

ఏ బొటనవేళ్ళ గురించి ఏడ్చాం?

బొటనవేలు అనగానే మనవాళ్ళు రెండు కథలు చెబుతారు. ఒకటి ఏకలవ్యుడిది. రెండోది ఢాకా నేతగాళ్ళది. మస్లిన్ బట్ట నేయకుండా తెల్లవాళ్ళు వాళ్ళ బొటనవేళ్ళు నరికించారని చిన్నప్పుడు మా మాస్టారు చెబితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దయ్యాక దాని ఆధారం ఏమిటా అని వెతికాను. తేలినది ఇది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసి, దానితో గొడవపడి బయటికి వచ్చిన విలియం బోల్ట్స్ 1772లో బెంగాల్ వ్యవహారాల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. అందులో ఆయన రాసింది మస్లిన్ నేతగాళ్ళ గురించి కాదు, పట్టు దారం తీసే పనివాళ్ళ గురించి. నరికింది కూడా కంపెనీ కాదు. తమచేత బలవంతంగా దారం తీయించకుండా వాళ్ళే తమ బొటనవేళ్ళు నరుక్కున్నారని రాశాడు.

చూడండి, అసలు సంగతి కథ కంటే తక్కువ ఘోరమేమీ కాదు, ఎక్కువే. పని నుంచి తప్పించుకోవడానికి మనిషి తన వేలు తనే తీసేసుకోవాల్సి వచ్చిన పరిస్థితి అది. కానీ మనకు కత్తి పట్టుకున్న దుర్మార్గుడు కనబడితేనే కథ రక్తి కడుతుంది. కత్తి లేకుండా, దుర్మార్గుడు లేకుండా, ఉదయం ఎనిమిది గంటల షిఫ్టులో పోయే వేళ్ళకు కథలు లేవు. ఆ వేళ్ళ గురించే ఈ వ్యాసం.

జాలీ కోసం జరిగిన పోరాటం

యంత్రం చుట్టూ కంచె కట్టాలన్న చట్టం మొదట వచ్చింది ఇంగ్లండులో, 1844లో. నూలు మిల్లుల్లో పైకప్పు దగ్గర పొడుగాటి ఇరుసులు తిరుగుతూ ఉండేవి. వాటి మీంచి తోలు పట్టాలు కిందికి వచ్చి ఒక్కో యంత్రాన్నీ తిప్పేవి. బట్ట కొస చిక్కినా, జుట్టు చిక్కినా మనిషిని పైకి లాగేసేవి. వాటికి అడ్డు కట్టమని ప్రభుత్వం అంటే యజమానులు ఒప్పుకోలేదు. 1855లో మాంచెస్టర్ కేంద్రంగా ఒక సంఘమే పెట్టుకున్నారు, సభ్యులకు పడే జరిమానాలు సంఘం కట్టేలాగ. చార్లెస్ డికెన్స్ తన పత్రికలో దానికి పెట్టిన పేరు, మన మాటల్లో చెప్పాలంటే, కార్మికుల్ని నుజ్జుచేసే సంఘం.

ఇక్కడ మా హేతువాదులం తలదించుకోవాల్సిన విషయం ఒకటుంది. ఆ గొడవలో యజమానుల పక్షాన కరపత్రం రాసింది హారియెట్ మార్టినో. ఆవిడ సామాన్యురాలు కాదు. ఆగస్ట్ కోంత్ తత్వాన్ని ఇంగ్లీషు పాఠకులకు అందించిన మనిషి, దేవుడి మీద నమ్మకాన్ని బాహాటంగా వదులుకున్న మేధావి. అలాంటి ఆవిడే ప్రమాదాలకు ముఖ్య కారణం కార్మికుల అజాగ్రత్త అని వాదించింది. 1856లో చట్టాన్ని సడలించారు కూడా. దేవుణ్ణి వదిలేసినంత మాత్రాన మనిషికి కార్యకారణ సంబంధం దానంతటదే బోధపడదు అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మన దేశంలో మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో, రిప్పన్ వైస్రాయిగా ఉండగా వచ్చింది. దాని వెనక దయ ఎంతో, బొంబాయి మిల్లుల పోటీ అంటే లాంకషైర్ మిల్లులకున్న భయం ఎంతో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఏమైతేనేం, ప్రమాదకర యంత్రాలకు కంచె అన్న మాట మన చట్టాల్లోకి వచ్చింది. అయితే నూరుమంది, అంతకు మించి పనిచేసే చోట్లకే అది వర్తించేది. తొంభై తొమ్మిది మంది ఉంటే వేళ్ళు ఎవరివి వారే చూసుకోవాలి. 1891లో ఆ సంఖ్య 50కి దిగింది.

మరి కార్మికులు ఏమడిగారు? 1884లో బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే మిల్లు కార్మికుల సభలు జరిపి ఒక వినతిపత్రం తయారుచేశాడు. జోతిరావ్ ఫూలే సత్యశోధక సమాజంలో పనిచేసినవాడు, దీనబంధు పత్రిక నడిపినవాడు. ఆ పత్రం మీద 5,500 మంది సంతకాలు పెట్టారు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, జీతం నెల నెలా వేళకు, ఇవి అందరూ చెప్పుకునే కోరికలు. ఇంకొకటి కూడా ఉంది. పనిలో దెబ్బ తగిలితే కోలుకునేదాకా జీతం ఇవ్వాలి, శాశ్వతంగా అంగవైకల్యం వస్తే బతుకుతెరువు చూపాలి అని. లోఖండే 1897లో చనిపోయాడు. ఆయన అడిగినదాంట్లో కొంత భాగం చట్టంగా మారి అమలులోకి వచ్చింది 1924 జూలై 1న. నలభై ఏళ్ళు.

ఆ 1923 చట్టం చేసిన పెద్ద మేలు ఏమిటంటే, తప్పెవరిది అన్న ప్రశ్నను చాలావరకు పక్కన పెట్టింది. కార్మికుడు తాగి ఉన్నా, కావాలనే భద్రతా నియమాన్ని ఉల్లంఘించినా, తెలిసి గార్డు తీసేసినా తప్ప, ఉత్త అజాగ్రత్త అన్న సాకుతో పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదు. తర్వాత 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ మరింత స్పష్టంగా చెప్పింది. ప్రమాదకరమైన కదిలే భాగాలకు గట్టి కంచె ఉండాలి, యంత్రం నడుస్తున్నంతసేపూ అది దాని స్థానంలో ఉండాలి. "నడుస్తున్నంతసేపూ" అన్నదే అసలు మాట. గోడకు చేరేసిన గార్డు గార్డు కాదు.

బెల్టు చెయ్యిని ఎలా పట్టుకుంటుంది

కన్వేయర్ బెల్టు చూడడానికి యంత్రాల్లోకెల్లా సాధువు. చప్పుడు తక్కువ, వేగం తక్కువ. పళ్ళు లేవు, కత్తులు లేవు. బొగ్గు గనుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో, ధర్మల్ కేంద్రాల్లో, రాళ్ళు కొట్టే క్రషర్ల దగ్గర మీరు చూసే ఉంటారు. రెండు చివరలా రెండు డ్రమ్ములు, వాటి మీదుగా తిరిగే రబ్బరు పట్టా. అంతే.

ప్రమాదం ఉన్నది పట్టా వచ్చి డ్రమ్మును తాకే గీత దగ్గర. అక్కడ రెండూ కలిసి లోపలికి తిరుగుతాయి. చెరకు గానుగలో గడ ఎలా లోపలికి పోతుందో అలాగే. లెక్క చూడండి. సెకనుకు ఒక మీటరు అంటే గంటకు 3.6 కిలోమీటర్లు, మనం తీరిగ్గా నడిచే వేగం. ఆ వేగంతో వేలి కొస నుంచి అరచెయ్యి దాకా ఓ 15 సెంటీమీటర్లు లోపలికి పోవడానికి పట్టేది 0.15 సెకను. ప్రమాదం తెలిసి కండరం కదలడానికి మనిషికి కనీసం 0.2 సెకను కావాలి. అంటే మెదడు "లాగు" అని చెప్పేలోపే చెయ్యి పోయి ఉంటుంది. ఎంత చురుకైనవాడైనా, ఎంత అనుభవజ్ఞుడైనా, ఎంత భక్తుడైనా ఆ 0.05 సెకను తేడా పూడ్చలేడు.

మరి అక్కడ చెయ్యి పెట్టడం ఎందుకు అంటారా? తోక వైపు డ్రమ్ముకు ఇసుకో బురదో అంటుకుంటుంది. అంటుకుంటే బెల్టు పక్కకు జరుగుతుంది. జరిగితే సరుకు కింద పడుతుంది, బెల్టు అంచు చిరుగుతుంది. ఆపి శుభ్రం చేస్తే పని ఆగుతుంది, మేస్త్రీ అరుస్తాడు. కాబట్టి నడుస్తుండగానే గోకుతారు. అజాగ్రత్త వల్ల కాదండీ, పనిమీద శ్రద్ధ వల్లే చాలామంది చెయ్యి అక్కడ పెడతారు. దీనికి విరుగుడు రాకెట్ శాస్త్రమేమీ కాదు. చెయ్యి పట్టనంత సన్న కన్నాలున్న ఇనుప జాలీ ఒకటి, ఎక్కడి నుంచి లాగినా బెల్టు ఆగే తాడు స్విచ్చు ఒకటి, డ్రమ్మును దానంతటదే గోకే పలక ఒకటి.

నా ఫైలు

ఇప్పుడు నా సంగతి. 1986లో నేను ఉత్తరాదిన ఒక ప్రభుత్వ కర్మాగారానికి అనుబంధంగా ఉన్న లెక్కల ఆఫీసులో పనిచేస్తున్నాను. ఊరు పేరు అనవసరం. అక్కడ ఫౌండ్రీలో అచ్చుల ఇసుక మోసే బెల్టు ఒకటి ఉండేది. దాని తోక డ్రమ్ముకు జాలీ లేదు. ఎప్పుడో తీశారు, మళ్ళీ పెట్టలేదు. కొత్తది బయట చేయించడానికి షాపు నుంచి ప్రతిపాదన వచ్చింది. మొత్తం 2,340 రూపాయలు. ఆర్థిక సమ్మతి కోసం నా బల్ల మీదికి వచ్చింది.

నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. పరీక్ష రాసి పాసైన ఊపు. రెండు అభ్యంతరాలు రాశాను. మూడు కొటేషన్లు జతచేయలేదు. సొంత వర్క్‌షాపులో ఎందుకు చేసుకోకూడదో వివరణ లేదు. రెండూ రూలు ప్రకారం సరైనవే. ఫైలు వెనక్కి వెళ్ళింది. నెలన్నరకు తిరిగి వచ్చింది. ఒక కొటేషన్ మీద తేదీ లేదని మళ్ళీ పంపాను.

మధ్యలో సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ జరిగింది. ఆ బెల్టుకూ బంతిపూల దండ వేశారు, మోటారుకు బొట్టు పెట్టారు, డ్రమ్ము దగ్గర నిమ్మకాయ కోశారు. నేనూ మిఠాయి తిన్నాను. ఆ రోజు యంత్రాలన్నీ ఆపేస్తారు కాబట్టి ఎవరికీ ఏమీ కాదు. ఏడాదిలో ఆ ఒక్కరోజు అందరి వేళ్ళూ క్షేమం. పూజ వల్ల కాదు, స్విచ్చు ఆపినందువల్ల.

అక్టోబరులో ఆ డ్రమ్ము ఒకతని కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు తీసుకుంది. అతను మన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు, ముప్పై నాలుగేళ్ళు. నిమ్మకాయ ఎండిపోయి ఇంకా అక్కడే ఉందని ఫోర్మన్ చెప్పాడు.

జాలీ ఫైలు మూడోసారి, పరిహారం ఫైలు మొదటిసారి ఒకే వారంలో నా బల్ల మీదికి వచ్చాయి. పట్టిక తీసి చూశాను. రెండు వేళ్ళు, 20 శాతం. అప్పటి జీతం పరిమితి, వయసు గుణకం వేసి లెక్కకడితే ఇరవై వేలకు కాస్త తక్కువ వచ్చింది. పరిహారం ఫైలులో ఏ అభ్యంతరమూ రాయలేదు. జాలీ ఫైలులోనూ రాయలేదు. రెండూ ఒకే రోజు పాసయ్యాయి.

విచారణ నివేదికలో కారణం అన్న గడిలో "కార్మికుని అజాగ్రత్త" అని ఉంది. నా పేరు ఎక్కడా లేదు. నా మీద ఎవరూ ఒక్క మాట అనలేదు. ఫైళ్ళలో అలాంటి గడి ఉండదు.

అతను క్వార్టర్లో ఉన్నప్పుడు చూడ్డానికి వెళ్ళాను. తెలుగువాణ్ణని సంతోషించాడు. నేను జాలీ ఫైలు సంగతి చెబుదామనే వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే, "నా రాత అలగుంది బాబూ, ఎవులేటి సేస్తారు?" అన్నాడు. నేను చెప్పలేదు. ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇవాళ రాయడానికి సిగ్గుగా ఉంది.

నేను హేతువాద సంఘంలో చేరడానికి కారణం అడిగితే మామూలుగా కోవూరు పుస్తకాలు అని చెబుతుంటాను. అది సగం నిజం. మిగతా సగం ఆ సాయంత్రం. రాత అన్న మాట వల్ల ఎవరికి లాభమో ఆ రోజు తెలిసింది. దెబ్బ తిన్నవాడికి కాదు, నాకు. తలరాత అన్నా, స్వయంకృతాపరాధం అన్నా, అజాగ్రత్త అన్నా పద్దు ఒక్కటే. ఖర్చును అసలు పద్దు నుంచి తీసి ఇంకొకరి ఖాతాలో రాయడం. గుడికి వెళ్ళేవాడు మొదటి మాట వాడతాడు, మార్టినో లాంటివారు మూడోది వాడతారు.

లెక్క ఎక్కడ తప్పుతుంది

చాలాకాలం ఈ కథను నేను లెక్కల పాఠంగా చెప్పేవాణ్ణి. 2,340 ఆదా చేయబోయి ఇరవై వేలు పోగొట్టుకున్నాం, కాబట్టి భద్రతే లాభం అని. వినేవాళ్ళకు నచ్చేది. తర్వాత తెలిసింది, ఈ వాదం కూడా తప్పేనని.

ఎందుకంటారా? 2020 జనవరిలో పరిహారం లెక్కకు నెల జీతం పరిమితి 15,000 రూపాయలు చేశారు. దాని ప్రకారం ముప్పై ఏళ్ళ కార్మికుడి లెక్క ఇలా ఉంటుంది. 15,000లో 60 శాతం 9,000. ఆ వయసు గుణకం 207.98తో హెచ్చిస్తే 18,71,820. ఇది పూర్తి వైకల్యానికి. చూపుడువేలికి అందులో 14 శాతం, 2,62,055. చిటికెన వేలికి 7 శాతం, 1,31,027. చిటికెన వేలి కొసకు 2 శాతం, 37,436. మంచి జాలీ, తాడు స్విచ్చు, పని ఆపిన గంటలు అన్నీ కలిపితే ఖర్చు దీనికి మించే సందర్భాలు తప్పకుండా ఉంటాయి. అప్పుడు లాభనష్టాల లెక్క ఏం చెబుతుంది? వేలి కొస పోనివ్వండి అని చెబుతుంది. పరిహారం వేలికి ధర కాదు. అమ్మకానికి లేనిదానికి ధర కట్టాక దాన్ని కొనేవాడు తయారవుతాడు. అందుకే జాలీ అన్నది ఖర్చు ప్రతిపాదన కాకూడదు, విధి కావాలి. లెక్కలవాణ్ణి అయి ఉండి చెబుతున్నాను, కొన్నిటిని లెక్కలవాడి బల్ల మీదికి రానివ్వకూడదు.

చట్టం కూడా వేళ్ళను చిన్నచూపు చూసింది. 1948 చట్టంలో జరిమానాలు చెప్పే సెక్షన్ కింద "తీవ్ర గాయం" అంటే ఏమిటో వివరణ ఉంది. ఎముక విరిగితే తీవ్ర గాయమే, కానీ చేతి వేలి ఎముక ఒక్కటే విరిగితే కాదట! 1987 సవరణ తర్వాత కూడా, తీవ్ర గాయం చేసిన ప్రమాదానికి కనీస జరిమానా 5,000 రూపాయలు.

పొలాల సంగతి సరేసరి. హరిత విప్లవంతో పంజాబ్, హర్యానాల్లో గోధుమ నూర్చే యంత్రాలు వేలకు వేలు వచ్చాయి. మోపులు లోపలికి తోస్తూ చేతులు పోగొట్టుకున్నవాళ్ళు ఎంతోమంది. ఫ్యాక్టరీ చట్టం పొలానికి రాదు కాబట్టి 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేశారు. విరుగుడు ఎంత సులువో చూడండి. మోపు వేసే తొట్టిని 90 సెంటీమీటర్ల పొడవు చేసి, కొంత భాగం పైన మూత పెట్టడం. చెయ్యి అంతదూరం అందదు. శిక్షణ అక్కర్లేదు, శ్రద్ధ అక్కర్లేదు, రాత మారక్కర్లేదు. రేకు పొడవు పెంచితే చాలు.

2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల బదులు కొత్త కార్మిక కోడ్లు అమలులోకి వచ్చాయి. కంచె లేక తీవ్ర గాయమైతే కనీస జరిమానా 2 లక్షలు, అందులో సగానికి తగ్గకుండా బాధితుడికి ఇవ్వమని కోర్టు చెప్పవచ్చు. ఇది మంచి మార్పు. మరోపక్క, కరెంటుతో నడిచేచోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన కార్మికుల సంఖ్య 10 నుంచి 20కి పెరిగింది. 1881లో నూరు నుంచి మొదలుపెట్టి దించుకుంటూ వచ్చిన మెట్లు ఇప్పుడు ఎక్కుతున్నాం. సేఫ్ ఇన్ ఇండియా అనే సంస్థ 2019 నుంచి గుర్‌గావ్, ఫరీదాబాద్ వాహన విడిభాగాల కార్మికుల మీద నివేదికలు ప్రకటిస్తోంది. చదివితే తెలుస్తుంది, వేళ్ళు ఎక్కువగా పోయేది పెద్ద కంపెనీల్లో కాదు, వాటికి సరుకిచ్చే చిన్న షెడ్లలో.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆ కర్మాగారంలో జీతాల పట్టీలు నా దగ్గరికే వచ్చేవి. రెవెన్యూ స్టాంపు మీద ప్రతి కార్మికుడూ సంతకం పెట్టాలి, రానివాళ్ళు ఎడమచేతి బొటనవేలి ముద్ర వేయాలి. సెప్టెంబరు పట్టీలో అతని పేరు ఎదురుగా తెలుగులో గుండ్రటి సంతకం ఉంది. డ్యూటీలో చేరాక వచ్చిన పట్టీలో అదే పేరు ఎదురుగా వేలిముద్ర ఉంది. చదువు వచ్చినవాడు నిశానీ అయ్యాడు. రూలు ప్రకారం సంతకం మారితే నేను అభ్యంతరం రాయాలి.

రాయలేదు. టిక్కు పెట్టి పేజీ తిప్పాను.